మా అధ్యక్షురాలు ఎవరి అమ్మాయి

ఆమెతో నా పరిచయం ఆమెను తిట్టడంతో మొదలైంది.

బ్లూ కార్డ్ వీసా మీద జర్మనీకి వచ్చి ఆరు నెలలు కావస్తున్న రోజులవి. స్టుట్‌గార్ట్‌లో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం, ఎస్-బాన్ లోకల్ రైల్లో అరగంట దూరంలో చిన్న ఊళ్లో ఇల్లు. మా స్టేషన్ ఎదురుగా బట్టలు సరిచేసే కొట్టు ఒకటి ఉండేది. ప్యాంట్ల పొడవు తగ్గించడం, పాడైన జిప్పులు మార్చడం అక్కడి పని. ఒక స్నేహితురాలి కూతురి పుట్టినరోజుకు పట్టుచీర కట్టుకుందామని తీస్తే జాకెట్టు చంకల్లో పట్టేసింది. ఆరు నెలల జర్మన్ వెన్న ఊరికే పోతుందా! జాకెట్టు పట్టుకుని ఆ కొట్టుకు పోయాను.

లోపల యాభై దాటిన మనిషి ఉంది. ఒత్తయిన నల్లజుట్టు, ఎండలో కాస్త కమిలినట్టున్న ఛాయ, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. నా జాకెట్టును అటు తిప్పి ఇటు తిప్పి, లోపలి కుట్లు చూస్తూ మొహం చిట్లించింది. సరిగ్గా అప్పుడే కరీంనగర్ నుంచి మా అమ్మ ఫోన్.

"దుకాణంల ఉన్ననమ్మా. ఈమె మొహం చూస్తే నాకు బుగులైతున్నది. జాకెట్టు ఆగం జేసేటట్టే ఉన్నది" అన్నాను ధైర్యంగా. ఆ ఊళ్లో తెలుగు నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికి వచ్చు?

"ఆగం చేయనమ్మాయ్. చంకలో పట్టేసింది, అంతేగా? కుట్టు విప్పి అరంగుళం వదిలితే సరిపోతుంది. లోపల గుడ్డ బాగానే వదిలేడు మీ దర్జీ" అంది ఆమె, తలెత్తకుండానే.

ఫోన్ చేతిలోంచి జారి కౌంటర్ మీద పడింది. అందులోంచి మా అమ్మ "ఎవరే, ఎవరే మాట్లాడుతున్నది?" అని అరుస్తూనే ఉంది.

"మీకు తెలుగొస్తదా?" అన్నాను.

"ఆయ్" అంది.

ఆ "ఆయ్" విని నవ్వాపుకోలేకపోయాను. గోదావరి జిల్లాల వాళ్లు మాత్రమే అలా అంటారు. ఆనందం పట్టలేక నేనే అడిగాను: "మీ నాయన తెలుగాయననా?"

ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఒక్క క్షణం ఆగింది. "ఆయ్" అంది మళ్లీ.

తర్వాతి రోజుల్లో ఆ క్షణాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో చెప్పలేను. "మీకు తెలుగు ఎవరు నేర్పారు?" అని అడిగి ఉండొచ్చు కదా. అడగలేదు. జవాబు కూడా నేనే చేతికిచ్చి ప్రశ్న అడిగాను.

ఆమె తండ్రి డాక్టరని, అరవైల్లో ఈ ఊరి ఆసుపత్రికి వచ్చాడని, తల్లి జర్మన్ అని, ఇద్దరూ పోయారని ఆ తర్వాత ఒక్కో ముక్కా తెలిసింది. ఒక్కో ముక్కా మేం అడిగినప్పుడే తెలిసింది, అడగకుండా ఆమె ఏదీ చెప్పలేదు. ఇంటిపేరు జర్మన్ భర్తది. ఆయన ఎప్పుడో విడిపోయి వెళ్లిపోయాడు. తెలుగు మాట్లాడటమే కానీ చదవడం రాదు. ఇండియాకు ఒక్కసారి కూడా పోలేదు.

ఆమె తెలుగు మాకు పండగ. ఎస్-బాన్‌ను రైలుబండి అనేది. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టమనడానికి "గ్రూపులో తంతి ఇవ్వమ్మాయ్" అనేది. మా ఆయనను చూసి "ఏం బాబూ, చిక్కిపోయేవు, మీ ఆవిడ సుష్టుగా పెట్టడం లేదా?" అని అడిగితే, ఆయన అప్పటికి తొంభై కిలోలు, ఆ ఒక్క మాటకు ఆమె భక్తుడైపోయాడు.

మూడేళ్లలో మా చుట్టుపక్కల ఊళ్లన్నీ తెలుగువాళ్లతో నిండిపోయాయి. ఏ ఎస్-బాన్ ఎక్కినా "వీసా ఆఫీసుకు టెర్మిన్ ఏ తేదీకి దొరికింది?" "చంటిదానికి కీటాలో సీటొచ్చిందా?" అనే మాటలే. జీన్స్ పొడవు తగ్గించుకోవడానికి వెళ్లిన ప్రతి కుర్రాడూ ఇల్లు దొరకని సంగతి ఆమెకు చెప్పుకునేవాడు. ఆమె కుట్టు మిషన్ ఆపి, ఇంటి ఓనరుకు ఫోన్ చేసి, జర్మన్‌లో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడేది. ఇల్లు వచ్చేది. బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి ఆమే. కాన్పుకు ఆసుపత్రిలో పక్కన ఆమే. చిన్నా పెద్దా అందరికీ "అక్క".

అందుకే తెలుగు సంఘం పెట్టాలనుకున్నప్పుడు అధ్యక్షురాలు ఎవరన్న ప్రశ్నే రాలేదు. ఆమె వద్దు వద్దంది. మేం వినలేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన కార్యదర్శి, నేను సాంస్కృతిక విభాగం. నియమావళి జర్మన్‌లో రాసి, రిజిస్ట్రేషన్ కోర్టులో దాఖలు చేసి వచ్చింది ఆమే. వేరే ఊళ్ల సంఘాల వాళ్లు వస్తే మా కార్యదర్శి గర్వంగా పరిచయం చేసేవాడు: "మా ప్రెసిడెంటు గారండీ. సగం జర్మనీ, సగం గోదావరి." ఊరి మున్సిపాలిటీ వాళ్లు విదేశీ మూలాలున్నవారి కోసం ఒక సలహా సంఘం పెడితే, భారతీయుల తరఫున ఆమెనే కూర్చోబెట్టారు.

ఆమెను చూసి మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి ఉంది. తండ్రి విజయవాడ ఇంజినీరు, తల్లి జర్మన్. తను జార్‌బ్రూకెన్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. ఏం అడిగినా జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల. అయినా మా పండగలకు రైలెక్కి వచ్చేది. వచ్చి అక్క పక్కనే కూర్చునేది. వాళ్లిద్దరూ ఒకే రకం అనుకునేవాళ్లం. ఆ పిల్లా అలాగే అనుకుంది.

సంఘానికి ఐదేళ్లు నిండుతున్న ఏడాది నాకు ఒక ఆలోచన వచ్చింది. అరవైల్లో ఇక్కడికి వచ్చిన మొదటితరం తెలుగు డాక్టర్ల ఫోటోలు సేకరించి వార్షికోత్సవంలో పెడదామని. ముందుగా అక్కనే అడిగాను, నాన్నగారి ఫోటో ఇవ్వమని.

"ఎందుకమ్మాయ్ ఆ పాత గోల" అంది. రెండోసారి అడిగితే వెతుకుతానంది. మూడోసారి మాట మార్చి, పులిహోరకు చింతపండు ఎవరు తెస్తారని అడిగింది.

సరే, ఆమెకే బహుమతిగా ఇద్దామనుకున్నాను. జర్మనీలో ఉన్న తెలుగు సంఘాలన్నిటికీ ఒక సందేశం పంపాను: ఫలానా ఊరి ఆసుపత్రిలో అరవైల్లో పనిచేసిన తెలుగు డాక్టరుగారి ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా? రెండు రోజుల్లో డ్యూసెల్‌డార్ఫ్ నుంచి జవాబు. డాక్టరుగారు పోయారు. భార్య ఉన్నారు. భీమవరం దగ్గరి ఆవిడ. డెబ్బై అయిదు దాటినా గట్టిగా ఉన్నారు, కొడుకు దగ్గర ఉంటున్నారు. ఫోన్ నంబర్ ఇదిగో.

ఆ సందేశాన్ని మా ఆయనకు చూపించాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. భార్య భీమవరం మనిషి. అక్క తల్లి జర్మన్. అంటే?

"డాక్టర్ సాబు రెండు సంసారాలు నడిపిండన్నట్టు" అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా.

"నోర్ముయ్" అన్నాను. నేననుకున్నదీ అదే.

ఇక ఫోన్ చేయకుండా ఎలా ఉంటాను? ఆదివారం పొద్దున్నే చేశాను. అవతలి గొంతు ఖంగుమంది. పరిచయం చేసుకుని, ఫోటోల సంగతి చెప్పి, మెల్లగా అడిగాను: "మామ్మగారూ, మీకు పిల్లలు ఎంతమందండీ?"

"ముగ్గురు. ముగ్గురూ మగపిల్లలే."

"ఆడపిల్ల... ఎవరైనా..."

"ఆడపిల్ల లేదమ్మా. ఎందుకడిగేవు?"

ఇక్కడ ఒకావిడ ఉంది, ఇలా ఉంటుంది, తెలుగు భలే మాట్లాడుతుంది, ఆయ్ అంటుంది అని నసిగాను.

"కింది ఇంటి పిల్ల!" అంది ఆవిడ. గొంతు మారిపోయింది. "అయ్యో, దొరికిందా! నా పిల్ల దొరికిందా! నేనే కదమ్మా అన్నం పెట్టింది. వాళ్లమ్మ కార్ఖానాలో షిఫ్టు పనికి పోయేది. తండ్రి ఎవరో ఇటలీవాడు, దీని రెండో ఏటే వెళ్లిపోయేడు. నేను కొత్త కోడలిగా వచ్చి, ఈ దేశంలో ఒక్క ముక్క భాష రాక, నాలుగు గోడల మధ్య ఏడుస్తూ కూర్చునేదాన్ని. మూడేళ్ల పిల్ల మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టేది. అది నాకు జర్మన్ నేర్పింది, నేను దానికి తెలుగు నేర్పేను. పదకొండేళ్లు వచ్చేదాకా నా కొంగు వదల్లేదు. తర్వాత మాకు బదిలీ అయిపోయింది."

ఫోన్ పెట్టేశాక సోఫాలో కూలబడ్డాను. డాక్టరుగారి శీలానికి ఏ మచ్చా లేదు. అక్క తెలుగు మనిషి కాదు.

అప్పుడు నేను చేయాల్సింది ఒకటే, కొట్టుకు పోయి ఆమెతో మాట్లాడటం. చేసింది వేరు. కార్యదర్శిగారికి ఫోన్ చేశాను. ఆయన "అలాగాండీ! అమ్మమ్మా!" అని, ఎవ్వరికీ చెప్పనని ఒట్టేసి పెట్టేశాడు. పావుగంట తర్వాత, మనసు కుదుటపడక, నాకు మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాడు. "ఏవండీ, మనమిప్పుడు ఏం చేద్దామండీ, ఆవిడ ఇటలీ ఆవిడటగా" అంటూ మొదలయ్యే ఆ మెసేజ్ నాకు రాలేదు. సంఘం గ్రూపులోకి పోయింది. అందులో రెండు వందల మంది.

ఆ ఆదివారం మా ఊళ్ల తెలుగు ఇళ్లల్లో ఎవరూ వేళకు అన్నం తిని ఉండరు. గ్రూపు పొంగిపొర్లింది. "ఐదేళ్లు మోసపోయాం" అని ఒకరు. "ఆమె లేకపోతే నా పెళ్లాం వీసా వచ్చేది కాదు, నోళ్లు మూసుకోండి" అని ఇంకొకరు. "ఇటలీవాళ్ల ముందు మన పరువేం కావాలి?" అని ఒకాయన అడిగితే, ఇటలీవాళ్లు ఇందులోకి ఎలా వచ్చారో ఎవరికీ అర్థం కాలేదు. మొన్నటిదాకా "అక్క" అన్నవాళ్లలో కొందరికి ఒక్కసారిగా ఆమె "ఆ జర్మన్ లేడీ" అయిపోయింది. ఒక విద్యార్థి, "అన్నా, నేను ఐదేళ్ల నుంచి ఆమె దగ్గర గోదావరి యాస నేర్చుకుంటున్న, ఇప్పుడు అది ఇటలీ యాసనా?" అని పెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అక్క కూడా ఆ గ్రూపులోనే ఉంది. చదవడం రాకపోయినా, వాయిస్ మెసేజ్ వినడం వచ్చు.

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి కొట్టుకు పోయాను. తలుపుకు మూసి ఉన్నట్టు బోర్డు వేలాడుతోంది, లోపల లైటు వెలుగుతోంది. అద్దం మీద కొట్టాను. చాలాసేపటికి వచ్చి తీసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ముందు నా దగ్గరికి రావలసిందమ్మాయ్" అంది.

"తప్పైంది అక్కా" అన్నాను.

కుట్టు మిషన్ పక్కన స్టూలు జరిపి కూర్చోమంది. టీ పెట్టింది. చాలాసేపు కత్తెరను తెరుస్తూ మూస్తూ కూర్చుంది.

"స్కూల్లో నా జుట్టు చూసి పిల్లలు ఏడిపించేవాళ్లు, నువ్వెవరి పిల్లవే అని. నాకు తెలిసేది కాదు. అమ్మనడిగితే కొట్టేది. మా పై ఇంటి పిన్నితో అంగడికి వెళ్లినప్పుడు ఒకసారి ఒక ముసలావిడ అడిగింది, ఈ పిల్ల మీదేనా అని. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అవును, నాదే అంది. వచ్చీరాని జర్మన్‌లో. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నువ్వు ఆ రోజు జాకెట్టు పట్టుకుని వచ్చి మీ నాయన తెలుగాయనా అని అడిగేవు. నలభై ఏళ్ల తర్వాత ఆ భాష విన్నాను. కాదు అంటే వెళ్లిపోతావేమో అనిపించింది. అవును అనేశాను."

"పోకపోతుంటి అక్కా."

"ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. ఒక్క ఆయ్ అమ్మాయ్. తర్వాత దాన్ని నిలబెట్టడానికి ఎన్ని అబద్ధాలో! మా అమ్మను బతికుండగానే డాక్టరుకి కట్టబెట్టేను. ఆవిడ ఇంకా వృద్ధాశ్రమంలో ఉంది, తెలుసా? మీ అందరికీ చచ్చిపోయిందని చెప్పేను."

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. నా కాన్పప్పుడు నా చెయ్యి పట్టుకుని పన్నెండు గంటలు కూర్చున్న మనిషి. ఆమెకు నేను చెప్పుకోని రహస్యం లేదు. ఆ సంగతే అన్నాను. ఆమె తలొంచుకుని విన్నది. సమర్థించుకోలేదు.

"పిన్ని ఎలా ఉంది?" అంది చివరికి, చాలా మెల్లగా.

"నా పిల్ల దొరికిందా అని ఏడ్చింది" అన్నాను. అప్పుడు ఏడ్చింది అక్క. నేనూ ఏడ్చాను. టీ చల్లారిపోయింది.

తర్వాతి శనివారం సర్వసభ్య సమావేశం పెట్టాం. ఎప్పుడు పెట్టినా ఇరవై మంది దాటని సమావేశానికి ఆ రోజు చర్చి హాలులో కుర్చీలు చాలక పిల్లల్ని బల్లల మీద కూర్చోబెట్టారు. అక్క వచ్చి ముందు వరసలో కాకుండా చివర కూర్చుంది.

మొదట లేచినవాళ్లు గట్టిగానే మాట్లాడారు. అధ్యక్ష పదవిలో ఉన్న మనిషి పుట్టుక గురించే అబద్ధమాడితే రేపు మనల్ని ఎవరు నమ్ముతారన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ మాట మీద మాట పెరిగి ఒకాయన ఆవేశంగా, ఇకమీద పదవికి నిలబడేవాళ్లు తెలుగువాళ్లమని రుజువు చూపించాలన్నాడు.

"ఏం రుజువండీ?" అన్నాడు కార్యదర్శి. "నా పాస్‌పోర్టులో ఎక్కడా తెలుగని రాయలేదే?"

"అయితే పరీక్ష పెడదాం. అక్షరమాల మొత్తం చెప్పాలి."

"ముందు మీరు చెప్పండి" అంది ఒకావిడ.

ఆయన అ ఆ ఇ ఈ ఉ ఊ దాకా జోరుగా పోయి, ఋ దగ్గర తడబడి, ఌ దగ్గర ఆగిపోయాడు. పక్కాయన అందుకుని ఙ దగ్గర పడిపోయాడు. మా ఆయన ఉత్సాహంగా లేచి క ఖ గ ఘ అని, "తర్వాతది ముక్కుతో అంటరు" అని కూర్చున్నాడు. హాలంతా నవ్వు. వెనక వరసలో అక్క కూడా నోటికి కొంగులా స్కార్ఫు అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వులో కార్యదర్శికి ఏదో తట్టి, మా నియమావళి తీసి ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చదివాడు. చదివి అలాగే నిలబడిపోయాడు. "ఏవండీ, ఇందులో ఏముందో తెలుసా? తెలుగు మాట్లాడేవారు గానీ, నేర్చుకోదలచినవారు గానీ ఎవరైనా సభ్యులు కావచ్చు. ఏ సభ్యుడైనా అధ్యక్షుడు కావచ్చు. పుట్టుక మాటే లేదండీ." వెనక్కి తిరిగి అడిగాడు: "అక్కా, ఇది రాసింది మీరే కదండీ?"

"ఆయ్" అంది అక్క.

"మరి అబద్ధమెందుకండీ ఆడారు? అవసరమే లేదు కదండీ!"

ఆమె లేచి ముందుకు వచ్చింది. "అవసరం లేదు బాబూ. నాకు పదవి కోసం కాదు. మీ అందరిలో ఒకదాన్ని అనిపించుకోవాలని ఆడేను. తప్పు చేసేను. ఈ పదవికీ, మున్సిపాలిటీలో కూర్చున్న కుర్చీకీ రాజీనామా రాసి తెచ్చేను."

అందరూ గుసగుసలాడుతుండగా జార్‌బ్రూకెన్ అమ్మాయి లేచింది. మొహం ఎర్రబడి ఉంది. మొదట జర్మన్‌లో మొదలుపెట్టి, ఏమనుకుందో ఏమో, ఆగి, తడుముకుంటూ తెలుగులోకి వచ్చింది.

"నన్ను చిన్నప్పుడు అందరు అడుగుతారు. నువ్వు నిజం తెలుగా? ఒక మాట మాట్లాడు, చూద్దాం. ప్రతి ఫంక్షన్. నేను మాట్లాడితే నవ్వుతారు. ఆమెను ఎవరూ అడగలేదు. నేను ఆమెను చూసి... నాలాగ ఉన్నవాళ్లు కూడా ప్రెసిడెంట్ కావచ్చు అనుకున్నాను. ఇప్పుడు నాలాగ ఎవరూ లేరు."

అక్షరమాల పరీక్ష పెడదామన్న ఆయన నేల చూపులు చూశాడు. నేనూ చూశాను. ఆ పిల్లను "ఏదీ, ఒక మాట మాట్లాడు" అని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

అక్క ఆ పిల్ల దగ్గరికి పోయింది కానీ ముట్టుకోలేదు. "అందరికంటే ఎక్కువ నీకే అన్యాయం చేసేను. నీకు పుట్టుకతో ఉన్నది నేను ఊరికే తీసుకున్నాను. నువ్వు దాని కోసం ఎంత పడ్డావో నా కళ్లతో చూస్తూ కూడా."

"నేను ఇప్పుడు క్షమించలేను" అంది ఆ పిల్ల.

"వద్దు. నువ్వు చెప్పింది విన్నాను. అది చాలు" అంది అక్క.

రాజీనామాను ఒప్పుకున్నాం. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు, చాలామంది కళ్లు తుడుచుకుంటూనే. ఆమె సభ్యత్వం తీసేయాలన్న ప్రతిపాదనకు మాత్రం చేతులు లేవలేదు. పెట్టినాయన కూడా ఎత్తలేదు. తాత్కాలిక అధ్యక్షురాలిగా నన్ను ఎన్నుకున్నారు. ఫోన్ చేసి ఇదంతా తెచ్చిపెట్టినదాన్ని కాబట్టి నేనే మోయాలని కార్యదర్శి వాదన. మున్సిపాలిటీ సంగతి ఇంకో వింత. అక్క రాజీనామా ఇస్తే అక్కడి అధికారి చదివి, "ఇటలీ కూడా విదేశమే కదా. మీరు కూర్చోవడానికి మాకు అభ్యంతరం లేదు" అన్నాడట. "నేను భారతీయుల తరఫున కూర్చున్నాను" అని చెప్పి అక్క వచ్చేసింది.

నా అధ్యక్షత గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మొదటి నెలలోనే హాలు కోసం నేను రాసిన జర్మన్ ఉత్తరం చదివి, మున్సిపాలిటీ వాళ్లు మాకు ఈతకొలను కేటాయించారు. వార్షికోత్సవానికి మూడు వారాలే ఉంది. సిగ్గు విడిచి అక్కకు ఫోన్ చేశాను. ఆమె పడీపడీ నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. "అందరూ తువ్వాళ్లు తెచ్చుకోండని తంతి ఇచ్చేయమ్మాయ్" అంది. తర్వాత తనే వెళ్లి హాలు మార్పించుకు వచ్చింది. కానీ వార్షికోత్సవానికి రానంది.

ఆ రోజు డ్యూసెల్‌డార్ఫ్ నుంచి మామ్మగారిని పిలిచాం. కొడుకుతో రైల్లో వచ్చారు. జరీ అంచు నేతచీర, దాని మీద మందపాటి కోటు, కాళ్లకు బూట్లు. హాలులోకి అడుగుపెడుతూనే చుట్టూ చూసి, "అదేది?" అన్నారు. రాలేదని చెప్పాను.

"రాకపోవడమేమిటి? కొట్టు ఎక్కడ? నడు."

కార్యక్రమం మొదలుపెట్టాల్సిన వేళకు ముఖ్య అతిథి, అధ్యక్షురాలు ఇద్దరం స్టేషన్ దాకా నడుస్తున్నాం. అక్క తలుపు తీసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పదకొండేళ్ల పిల్లగా విడిపోయిన మనిషికి ఇప్పుడు తల సగం నెరిసింది. మామ్మగారు కోటు జేబులోంచి చెయ్యి తీసి అక్క చెవి పట్టుకున్నారు.

"ఏమే, నా మొగుడికి జర్మన్ పెళ్లాన్ని తెస్తావా? పోయిన మనిషి మీద అపవాదు వేస్తావా? దేవుడిలాంటి మనిషే ఆయన! నర్సుల వంక కూడా చూసేవాడు కాదే!"

"తప్పయిపోయింది పిన్నీ" అంది అక్క. చెవి వదిలించుకోలేదు.

"పిన్ని అని పిలవమన్నాను. ఎందుకో తెలుసా? మీ అమ్మ ఉండగా అమ్మా అనిపించుకోవడం తప్పని. ఆవిడ పగలూ రాత్రీ ఒళ్లు హూనం చేసుకుని నిన్ను పెంచింది. ఉందా?"

"ఉంది."

"రేపు నన్ను తీసుకెళ్లు. ఇప్పుడు చీర కట్టుకో."

"చీర లేదు పిన్నీ."

ఆవిడ నా వైపు చూసి, "ఏం ప్రెసిడెంటువమ్మా నువ్వు" అన్నారు.

చివరికి అక్క గౌనులోనే వచ్చింది. మామ్మగారు ఆమె చెయ్యి పట్టుకునే హాలులోకి తీసుకొచ్చారు. వేదిక మీద జార్‌బ్రూకెన్ అమ్మాయి మైకు పట్టుకుని ఉంది. మేము లేని అరగంటా కార్యక్రమాన్ని నడిపింది ఆ పిల్లే, ఎవరూ అడగకుండానే. "ఇప్పుడు డాన్స్ చిన్న పిల్లలు చేస్తాయి" అనేసరికి ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల ఆగి, వాళ్ల వైపు చూసి, "నా తెలుగు ఇంతే. ఎవరికైనా ప్రాబ్లెమా?" అంది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఆ తర్వాత ఎన్ని తప్పులు మాట్లాడిందో, అంత ధైర్యంగా మాట్లాడింది. అక్కను చూసి తల మాత్రం ఊపింది. అంతే. వాళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయడానికి ఇంకో ఏడాది పట్టింది.

మామ్మగారు మాట్లాడటానికి లేచి రెండే మాటలు చెప్పారు. ఒకటి, తన భర్త చాలా మంచివాడు. రెండు, ఈ పిల్ల ఆయన కూతురు కాదు, తన కూతురూ కాదు, అయినా తను నేర్పిన తెలుగులో ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తర్వాత మా అందరి వైపు చూసి, "మీ పిల్లలకు నేర్పుతున్నారా మరి?" అని అడిగారు. పిల్లలంతా ఒక మూల జర్మన్‌లో అరుచుకుంటున్నారు.

అక్క మళ్లీ ఏ పదవికీ నిలబడలేదు. ఇప్పటికి ఇద్దరు అధ్యక్షులు మారారు. ఆమె కొట్టు నడుపుకుంటూ, పండగలకు వచ్చి వరసలో నిలబడి భోంచేసి, వంట బాగాలేకపోతే మొహమ్మీదే చెప్పి పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు "మీ నాన్నగారు తెలుగువారా?" అని అడుగుతూనే ఉంటారు.

"కాదు బాబూ. ఇటలీ ఆయన. నాకు ఆయన మొహం కూడా గుర్తు లేదు" అంటుంది. అడిగినవాళ్లు తికమకపడతారు. ఆమె హాయిగా పులిహోర తింటూ ఉంటుంది.

అరవై నిండిన ఏడాది ఆమెకు ఏం బుద్ధి పుట్టిందో, తల్లి దగ్గర తండ్రి ఊరి పేరు రాబట్టి, ఇటలీలోని సార్డీనియా దీవికి టికెట్ కొనుక్కుంది. తోడుగా ఎవరినీ తీసుకుపోలేదు. వారం రోజులు ఏ కబురూ లేదు. ఎనిమిదో రోజు గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఒక రాతి ఇంటి ముందు ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు అక్క. పక్కన తొంభై ఏళ్ల ముసలావిడ, అదే ముక్కు, అదే నుదురు, నల్ల గౌను, నల్ల తలగుడ్డ. కింద వాయిస్ మెసేజ్: "మా మేనత్తమ్మా! దొరికింది! నాకు ఇటలీ రాదు, ఆవిడకు ఇంకేమీ రాదు. మూడు రోజులుగా నేను తెలుగులో మాట్లాడుతున్నాను, ఆవిడ ఆవిడ భాషలో మాట్లాడుతోంది. ఏ ఇబ్బందీ లేదు!"

గ్రూపు మరోసారి పొంగింది. కార్యదర్శి "అచ్చం మా తెనాలి పెద్దమ్మలా ఉన్నారండీ" అని పెట్టాడు. మామ్మగారి కొడుకు ఫోటోను తల్లికి చూపించి, ఆవిడ చెప్పిన మాట చేరవేశాడు: "ఆ పెద్దావిడకు నా నమస్కారం చెప్పు, పిల్లకు అన్నం పెట్టమను." జార్‌బ్రూకెన్ అమ్మాయి, అప్పటికి బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది, ఒక ఎర్ర గుండె బొమ్మ పెట్టి ఊరుకుంది. మా ఆయన మాత్రం చాలాసేపు ఆలోచించి, అక్కడ తిండి ఎలా ఉందని అడిగాడు.